పర్ణశాలకి అయిదు మార్కులు

రాత్రి తొమ్మిదింటికి, అన్నాలయి, వంటిల్లు సర్దుకుని, హమ్మయ్య అని నడుం వాల్చబోతుంటే ఎనిమిదో తరగతి చదివే మా మనవరాలు వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. "కాళ్ళు నొక్కనా అమ్మమ్మా?" అంది. ఏదో ముంచుకొచ్చిందని అప్పుడే అనుకున్నాను.

"రేపు తెలుగు ప్రాజెక్టు ఇవ్వాలి."

"ఎప్పుడు చెప్పారే?"

"దసరా సెలవలకి ముందు."

పిల్లలున్న ఇల్లాళ్ళకి తక్కిన కథ నేను చెప్పనక్కరలేదు. మా అల్లుడు స్కూటరేసుకుని వెళ్ళి, మూసెయ్యబోతున్న ఫ్యాన్సీ షాపు వాణ్ణి బతిమాలి థర్మోకోల్ అట్టలూ, ఆకుపచ్చ కాగితాలూ, మెరుపుల పొడీ పట్టుకొచ్చాడు. మా అమ్మాయి కత్తెర పుచ్చుకుంది. జిగురు చాలకపోతే నేను మైదాపిండి ఉడికించాను. అర్ధరాత్రి దాటేసరికి మా పడమటింట్లో సీతారాముల పర్ణశాల వెలిసింది. ముంగిట్లో దూదితో చేసిన లేడి కూడా ఉంది. ప్రాజెక్టు ఇవ్వాల్సిన పిల్ల మాత్రం పది గంటలకే నిద్రపోయింది.

ఇంతకీ బడిలో చెప్పిన పని ఇది: ఏదైనా ఒక పూర్తి పుస్తకం చదవాలి, దానికి సమీక్ష రాయాలి, అందులోంచి ఒక దృశ్యాన్ని నమూనాగా చేసి తేవాలి. ఇంట్లో వెతికితే మొదలూ చివరా ఉన్న పిల్లల పుస్తకం ఒక్కటే దొరికింది. వాళ్ళన్న పదో తరగతిలో చదివిన తెలుగు ఉపవాచకం, రామాయణం. పైగా మాది భద్రాచలం. ముప్ఫై అయిదు కిలోమీటర్లు పోతే దుమ్ముగూడెం మండలంలో పర్ణశాల. సీతమ్మ చీర ఆరేసుకున్న రాళ్ళంటూ వాగు దగ్గర చూపిస్తారు. పంచవటి మాదంటే మాదని నాసిక్ వాళ్ళు ఎంత వాదించినా మా ఊళ్ళో ఎవరూ చెవిన పెట్టరు. అందుచేత రామాయణమే ఖాయమైంది.

సమీక్ష సెలవల్లోనే రాసేసింది పిల్ల. పేజీన్నర. తెల్లవారి కాఫీ తాగుతూ తీసి చదివాను. పుస్తకం పేరు, రచయిత, ప్రక్రియ, ఇతివృత్తం, పాత్రలు, నేను నేర్చుకున్న నీతి అని ఆరు శీర్షికలు. వాటి కింద ఎర్రగీతలు. చివర "ఈ పుస్తకం నాకు చాలా బాగా నచ్చింది. అందరూ తప్పక చదవాలి" అని ముక్తాయింపు. ఎక్కడో చదివినట్టుందే అనిపించింది. వాళ్ళన్న పాత నోటు పుస్తకాలు అటక మీంచి దింపి చూస్తే అచ్చం అదే. నాకు పట్టుదల పుట్టింది. మా వీధిలో పిల్లలందరి దగ్గరా, పుచ్చుకున్నవి పుచ్చుకున్నట్టే ఇచ్చేస్తానని చెప్పి, ఒక డజను దాకా నోటు పుస్తకాలు పోగు చేశాను.

పుస్తకాల మీద సమీక్షలు మన పత్రికల్లో ఎన్నో చదువుతాం. పిల్లలు రాసే సమీక్షల మీద సమీక్ష మాత్రం నేనెక్కడా చూడలేదు. ఆ లోటు ఈ పూట తీర్చేద్దామనుకుంటున్నాను.

మొట్టమొదట కనబడేది, ఏ పిల్లకీ ఏ పుస్తకమూ విసుగు పుట్టించకపోవడం. పెద్దవాళ్ళం, మనం ఎన్ని నవలలు సగంలో బోర్లా పెట్టి వంటింట్లోకి పోలేదూ! వీళ్ళకి మాత్రం అన్నీ చాలా బాగా నచ్చాయి. రెండోది, ఎవరూ ఒక్క పేజీ గురించి మాట్లాడరు. ఫలానా చోట నవ్వొచ్చింది, ఫలానా చోట ఇతను ఇలా ఎందుకన్నాడో అర్థం కాలేదు అన్న మాట మచ్చుకైనా లేదు. మూడోది నీతి. పుస్తకం ఏదైనా నీతి ఒకటే. ఒక అబ్బాయి 'బుడుగు' చదివి, పెద్దలను గౌరవించాలని నేర్చుకున్నాడట! ముళ్ళపూడి వెంకటరమణ గారు బతికుండగా ఈ సమీక్ష ఆయన కంటబడి ఉంటే బాపు గారి చేత ఒక బొమ్మ వేయించి ఉండేవారు. ఆ అబ్బాయి 'బుడుగు' చదవలేదని నేననను. చదివే ఉంటాడు, పొట్ట పట్టుకుని నవ్వే ఉంటాడు. నవ్వాను అని రాయడానికి ఆరు శీర్షికల్లో చోటు లేదు, అంతే.

ఇది పిల్లల తప్పు కాదు. అయ్యవార్ల తప్పని కూడా ఒక్కమాటలో తేల్చెయ్యలేను. మా కాలంలో ఇంటిపని అంటే ప్రశ్నలకి జవాబులు గైడు చూసి ఎక్కించడం, కవి పరిచయం బట్టీ పట్టడం. దాని మీద విసిగిపోయే కదా ఈ కొత్త పద్ధతి తెచ్చారు. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చినప్పుడు అందులోనే నిరంతరమూ సమగ్రమూ అయిన మూల్యాంకనం ఉండాలన్నారు. ఆ తర్వాత మన పాఠ్యపుస్తకాల్లో పాఠం చివర "ప్రాజెక్టు పని" అని ఒక భాగం చేరింది. 2014-15లో పదో తరగతికి ఎనభై మార్కులు పరీక్షకీ, ఇరవై బడిలో చేసే పనికీ అని విడదీశారు. ఆ ఇరవైలో పుస్తకం చదివి స్పందన రాయడానికి అయిదు, రాతపనికి అయిదు, ప్రాజెక్టుకి అయిదు, చిన్న పరీక్షకి అయిదు. కింది తరగతుల వాళ్ళూ అదే అచ్చులో పోశారు. కాగితం మీద చూస్తే ముచ్చటగానే ఉంటుంది. పుస్తకం చదివి ఒక పిల్ల ఏమనుకుందో వినడానికి ప్రభుత్వం వారు మార్కులు కేటాయించారంటే మాటలా!

అదే 2014లో రాష్ట్రం విడిపోయి, ఆ పైన మా చుట్టూ ఉన్న పల్లెలు ఆంధ్రప్రదేశ్‌కి పోయి, ఊరు మాత్రం తెలంగాణలో మిగిలింది. ఊరు దాటి ఎటపాక వెళితే వేరే రాష్ట్రం, వేరే పాఠ్యపుస్తకం. 1959 దాకా భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది కనక మా పెద్దవాళ్ళకి ఈ అటూ ఇటూ మారడం కొత్తేమీ కాదు. గీత మారింది గానీ ఫ్యాన్సీ షాపు మారలేదు. రెండు రాష్ట్రాల పిల్లలూ అక్కడికే వచ్చి థర్మోకోల్ కొనుక్కుంటున్నారు.

ప్రాజెక్టు అన్న మాటకి బడి చదువులో ఊపిరి పోసినవాడు కిల్పాట్రిక్ అనే అమెరికా పంతులు. 1918లో దాని మీద పెద్ద వ్యాసం రాశాడు. చేసేవాడికి ఆ పని మీద మనసు ఉండాలి, ఇది నేను చెయ్యాలి అని లోపలినుంచి పుట్టాలి, అదే దాని ప్రాణం అన్నాడు. మన దేశంలో గుజరాతీ ఉపాధ్యాయుడు గిజుభాయి బధేకా ఇంచుమించు ఆ రోజుల్లోనే ఒక ఊహా పంతులు కథ రాశాడు. తెలుగులో 'పగటికల' పేరుతో వచ్చింది. దొరికితే చదవండి. అందులో మాస్టారు పాఠ్యపుస్తకాలు కొనే డబ్బులతో కథల పుస్తకాలు కొనిపించి తరగతిలోనే లైబ్రరీ పెట్టిస్తాడు. పిల్లలకి ముందు కథ చెబుతాడు. చెబుతూ చెబుతూ వాళ్ళని పుస్తకం దగ్గరికి తీసుకెళ్ళి వదిలేస్తాడు. నమూనా లేదు, నీతి లేదు.

మన దగ్గర ఏమైంది? తరగతిలో నలభై మంది. పంతులమ్మ నలభై సమీక్షలు చదివి, ఎవరి మాట వారిదా, గైడుదా అని తేల్చి మార్కులు వెయ్యాలంటే ఆవిడకీ ఇల్లూ వాకిలీ ఉన్నాయి. దూరం నుంచి చూసి చటుక్కున మార్కు వెయ్యగలిగేది థర్మోకోల్‌కి. అందుచేత మెరిసేదానికి విలువ పెరిగింది, చదివింది వెనక్కి పోయింది. ఇది మనకే పట్టిన తెగులు కాదట. అమెరికాలో ఉన్న మా చెల్లెలి కూతురు చెప్పింది, వాళ్ళబ్బాయి బళ్ళో చెప్పుల డబ్బాలో నవల దృశ్యం అమర్చి తెమ్మంటారనీ, అక్కడా రాత్రి తొమ్మిదింటికి తల్లులే జిగురు వెతుక్కుంటారనీ. కాకపోతే ఆ డబ్బాకి ముందు మూడు నాలుగు వారాలు క్లాసంతా కలిసి ఒకే నవల చదువుతారట. రెండేసి అధ్యాయాలకోసారి ఏమనిపించిందో నోటు పుస్తకంలో రాస్తారట. మనం ఆ వారాలు వదిలేసి చివర్న ఉన్న డబ్బా ఒక్కటీ తెచ్చుకున్నాం.

సరే, ఆ పొద్దుటి సంగతికి వస్తాను. మా మనవరాలితో కలిసి బడికి వెళ్ళే పిల్ల ఒకర్తి ఉంది. కోయ వాళ్ళమ్మాయి. ఊరు దుమ్ముగూడెం అవతల. మా వీధి చివర మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంటోంది. ఆ పిల్ల వచ్చి పర్ణశాల చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. వంగి లోపలికి చూసింది.

"అమ్మమ్మా, దీనికి నిట్రాడేది?" అంది.

మేం ముగ్గురు పెద్దవాళ్ళం మొహమొహాలు చూసుకున్నాం. అర్ధరాత్రి దాకా కూర్చుని కట్టాం గానీ నడిమి గుంజ పాతాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. మైదా పిండి పట్టుకుంటుంది కదా, గుంజెందుకు?

ఆ పిల్ల అక్కడితో ఊరుకోలేదు. "లక్ష్మణుడు ఒక్కడే కట్టిండా ఇల్లు? ఒక్కడు ఎట్ల కడతడు? మా ఇంటికి కొత్త కప్పు వేసినప్పుడు నలుగురు లేసిండ్రు. ఇద్దరు పైన, ఇద్దరు కింద. కిందోళ్ళు అందియ్యకపోతే పైనోళ్ళు ఏం కడతరు? రాముడు అందిచ్చిండా? సీతమ్మ అందిచ్చిందా?"

మా మనవరాలు ఉపవాచకం తీసి గబగబా పేజీలు తిప్పింది. సంక్షేపం అన్నాక ఇల్లు కట్టడానికి ఎంత చోటుంటుంది? ఇరవైనాలుగు వేల శ్లోకాల కథ ఒక పల్చటి పుస్తకంలో ఇమడాలి. లక్ష్మణుడు పర్ణశాల కట్టాడు, వాళ్ళక్కడ సుఖంగా ఉన్నారు, తర్వాత శూర్పణఖ. అలా సాగకపోతే యుద్ధకాండ దాకా చేరుకోలేం. ఆ పిల్ల ప్రశ్నకి అందులో జవాబు లేదు. "లేదే!" అంది మా పిల్ల, ఎవరో మోసం చేసినట్టు. బడికి టైమైపోతున్నా నిలబడే పెన్ను తీసి సమీక్ష అడుగున రెండు వాక్యాలు రాసేసింది. "లక్ష్మణుడు ఒక్కడే ఇల్లు ఎలా కట్టాడో ఈ పుస్తకంలో చెప్పలేదు. మా స్నేహితురాలు నలుగురు కావాలంది. నాకు తెలుసుకోవాలని ఉంది" అని.

ఆ పేజీన్నరలో పుస్తకం చదివిన మనిషి రాసిన వాక్యాలు అవే. ఈ మాట ఇప్పుడంటున్నాను. అప్పుడు నేనేమన్నానో చెబితే మీరు నన్ను తిడతారు. "అది కొట్టెయ్యవే, పుస్తకాన్ని తప్పు పట్టినట్టుంటుంది. మార్కులు పోతాయి" అన్నాను. మా అమ్మాయి కూడా "అవునే" అంది. పిల్ల ఒక్క క్షణం నా వంక చూసి, రెండు వాక్యాల మీదా తెల్ల సిరా పూసింది. అది ఆరలేదని నోటిదగ్గర పెట్టుకుని ఊదుకుంటూ వెళ్ళింది. వెనకాల రెండో పిల్ల, రెండు చేతులా పర్ణశాల మోసుకుంటూ.

మధ్యాహ్నం నాకు నిద్ర పట్టలేదు. బీరువా పైనుంచి వాల్మీకి రామాయణం దింపి అరణ్యకాండ తీశాను. పదిహేనో సర్గ. చిన్నప్పటినుంచీ ఎన్నిసార్లు పారాయణ చేశానో! ఏనాడూ ఆ చోట ఆగలేదు. మా అమ్మాయిలాగే నేనూ శూర్పణఖ కోసం పరిగెత్తినదాన్నే.

అక్కడ ఏముందో చూడండి. మంచి చోటు చూసి ఇల్లు కట్టమంటాడు రాముడు. చోటు మీరే చూపించండి, కట్టమని చెప్పండి, కడతాను అంటాడు తమ్ముడు. గోదావరికి దగ్గరగా చోటు చూపిస్తాడు అన్న. ఇక లక్ష్మణుడు పనిలోకి దిగుతాడు. మట్టి మెత్తి గోడలు లేపుతాడు. గట్టి స్తంభాలు నిలబెడతాడు. పొడవాటి వెదుళ్ళు పైన వేస్తాడు. వాటి మీద జమ్మికొమ్మలు పరుస్తాడు. తాళ్ళతో బిగించి కడతాడు. దర్భ, రెల్లు, శరగడ్డి, ఆకులు కప్పుతాడు. నేల చదును చేస్తాడు. నిట్రాళ్ళు, వాసాలు, కట్లు, కప్పు, అన్నీ ఒక వరసలో. ఇల్లు కట్టేవాణ్ణి దగ్గర కూర్చుని చూసినవాడే అలా చెప్పగలడు. అంతా అయ్యాక లక్ష్మణుడు గోదావరిలో స్నానం చేసి, తామరపూలూ పళ్ళూ తెచ్చి, పూలతో పూజ చేసి, శాంతి చేసి, అప్పుడు పిలిచి చూపిస్తాడు. రాముడు అతన్ని గట్టిగా కావిలించుకుంటాడు. ఇంత పని చేసిన నీకు ఇవ్వడానికి నా దగ్గర ఈ కౌగిలి తప్ప ఏమీ లేదన్న అర్థం వచ్చేట్టు మాట్లాడతాడు. నువ్వుండగా మన తండ్రి పోలేదనిపిస్తోందంటాడు.

రాజ్యం పోయినవాడు తమ్ముడి కూలీ ఇచ్చుకోలేక కౌగిలించుకోవడం! ఇంతటి ఘట్టాన్ని ఇన్నేళ్ళు దాటేసి వెళ్ళాను. కోయ పిల్ల ఒకర్తి నిట్రాడేదీ అని అడిగితే తప్ప నాకు కనబడలేదు. ఆ పిల్ల అడిగిన దానికి వాల్మీకి కూడా పూర్తిగా జవాబు చెప్పలేదు. ఒక్కడే కట్టాడంటాడు, కింద నిలబడి అందించిందెవరో చెప్పడు. అయితేనేం, ప్రశ్న పుస్తకానికి తగిలింది. మంచి ప్రశ్నకి గుర్తు అదే. అడిగినవాళ్ళని మళ్ళీ పుస్తకంలోకి తోస్తుంది. చెడ్డ ప్రాజెక్టు పుస్తకం మూసేసి షాపుకి పంపిస్తుంది. పిల్లల ఇంటిపనిని నేను ఈ ఒక్క గీటురాయి మీదే గీసి చూస్తాను. నమూనా చెయ్యమనండి, తప్పులేదు. "నిట్రాడు ఎక్కడ పాతాలో పుస్తకం చూసి చెప్పు" అని ఒక్కమాట చేర్చండి. అప్పుడు అదే థర్మోకోల్ సాహిత్య విమర్శ అవుతుంది.

సంక్షేపాల మీద నాకు పగ లేదు. పదో తరగతి పిల్లవాడు తెగని దారంగా ఒక కథ చదవడం, ముక్కలు ముక్కలుగా పాఠాలు చదవడం కంటే ఎంతో మేలు. కానీ సంక్షేపంలో ఏం జరిగిందో ఉంటుంది. ఎలా జరిగిందో అనేది తీసేస్తేనే అది సంక్షేపం అవుతుంది. పిల్లలు అడిగేవన్నీ ఎలా అనే ప్రశ్నలే. వాళ్ళ చేతిలో సంక్షేపం ఒక్కటే పెట్టి స్పందించండి అంటే నీతి తప్ప ఏం రాస్తారు పాపం?

తెలుగులో పిల్లలకి తగిన నవలలు లేవనే మాట బళ్ళలో తరచు వింటాను. ఎనిమిదో తరగతికి పనికొచ్చేవి కొద్దిగానే ఉన్న మాట నిజం. కానీ ఉన్నవైనా ఇస్తున్నామా? జపాను ఆవిడ తెత్సుకో కురోయనాగి రాసిన తొత్తోచాన్ కథ 'రైలుబడి'గా తెలుగులో ఉంది. రైలు పెట్టెల్లో నడిచే బడి. బడి మీద పిల్లలకి అభిప్రాయం లేకపోవడమనేది ఉండదు కదా! సోమరాజు సుశీల గారి 'ఇల్లేరమ్మ కతలు' ఉన్నాయి, ఆడపిల్లలు ఒకరికొకరు చదివి వినిపించుకోవచ్చు. మా అడవి అంచు పిల్లలకైతే నేను డాక్టర్ కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు' ఇస్తాను. ముసలి పందుల కాపరి ఒకడు తప్పిపోయిన పంది కోసం అడవిలోకి పోతాడు. ఒక్క రాత్రి కథ. అందులో నీతి వెతికేవాళ్ళకి చాలా కష్టం. అడవి సంగతి, జంతువు సంగతి, చీకట్లో అడుగు ఎలా వెయ్యాలన్న సంగతి తెలిసిన పిల్లలకి మాత్రం ప్రతి పేజీలోనూ చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది, ఇది నిజమనో, ఇలా జరగదనో. అలా జరగదని ఒక పిల్ల రాస్తే దానికి అయిదుకి అయిదూ వెయ్యగల ధైర్యం ఉన్న పంతులమ్మ కావాలి.

ధైర్యం సంగతి నేను మాట్లాడకూడదనుకోండి.

సాయంత్రం పిల్లలు తిరిగొచ్చారు. పర్ణశాలకి అయిదుకి అయిదు. దూది లేడిని క్లాసులో అందరూ మెచ్చుకున్నారట. సమీక్షకి నాలుగు, "చేతిరాత బాగుంది" అని పక్కన. కొట్టేసిన చోట తెల్ల సిరా పెచ్చులు లేచి, నలుగురు అన్న మాట మళ్ళీ పైకి కనబడుతోంది.

ఇద్దర్నీ కూర్చోబెట్టి పదిహేనో సర్గ తెలుగు చేసి చదివి వినిపించాను. పొద్దున నేను చెప్పింది తప్పని కూడా చెప్పాను. మా మనవరాలు అదేం పట్టించుకోలేదు గానీ, "మరి రేపు మళ్ళీ రాసి ఇవ్వనా?" అంది. ఇమ్మన్నాను. మార్కులు ఎలాగూ వేసేశారు, ఇంక పోయేదేముంది?

కోయ పిల్ల మాత్రం వెదుళ్ళ దాకా తలూపుతూ విని, జమ్మికొమ్మల దగ్గర ఆపింది. "కప్పు మీద జమ్మి ఎందుకు పరిచిండు? మేం వెదురు తడికెలే వేస్తం. జమ్మికి ముల్లుంటది కద, కట్టేటోని చేతులేం కావాలె?" అంది. నాకు తెలియదన్నాను. శనివారం ఊరికి పోతున్నాననీ, వాళ్ళ నాయన్ని అడిగి వచ్చి చెబుతాననీ అంది. స్తంభాలు, వెదుళ్ళు, జమ్మి, రెల్లు, అన్నీ వరసగా ఒక కాగితం మీద రాయించుకుని మడిచి జేబులో పెట్టుకుంది.